చేసిన పనికి చిట్టా: సాఫ్ట్‌వేర్ ఏజెంట్ల దోషాన్వేషణ

మనుష్యుడు అడిగిన మాటకు సమాధానం వ్రాసి ఊరుకొనే యంత్రం ఒకటి. ఆ మాటను అందుకొని స్వయంగా పనికి పూనుకొనే యంత్రం మరొకటి. మొదటిది పొరబడితే ఒక తప్పు వాక్యం మిగులుతుంది. రెండవది పొరబడితే ఒక తప్పు కార్యం జరిగిపోతుంది. పోకూడని ఉత్తరం పోతుంది, చెల్లించకూడని సొమ్ము చెల్లిపోతుంది, చెరపకూడని దస్త్రం చెరిగిపోతుంది. ఈ రెండవ కోవకు చెందిన వాటిని నేడు సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు అని వ్యవహరిస్తున్నారు. కొద్ది సంవత్సరాలలోనే ఇవి ప్రయోగశాలల గడప దాటి కార్యాలయాలలోకీ, వ్యాపార సంస్థలలోకీ, విద్యాలయాలలోకీ ప్రవేశించాయి. ఇవి చేసిన పనిని ఎవరు, ఎప్పుడు, ఏ విధంగా వ్రాసి ఉంచాలన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం. ఇది పైకి గుమాస్తా పనిలా కనిపిస్తుంది. కాని ఏజెంటు చేసిన తప్పును మనం ఎన్నటికైనా దిద్దగలమా, లేదా అన్నది దీనిమీదనే ఆధారపడి ఉంది.

ఏజెంటు పనిచేసే తీరు

ఏజెంటుకు మెదడు వంటిది భాషా నమూనా. అపారమైన గ్రంథరాశి ఆధారంగా శిక్షణ పొంది, ఒక మాట తరువాత ఏ మాట రావడం సమంజసమో లెక్కకట్టి వాక్యాలు కూర్చే గణిత నిర్మాణం అది. దానికి చేతులు లేవు. రైలు వేళలు చూడాలన్నా, పట్టికలో ఒక అంకె వెదకాలన్నా, ఎవరికైనా సందేశం పంపాలన్నా వేరే ప్రోగ్రాములు కావాలి. వీటికి టూల్స్ అని పేరు. మనం ఉపకరణాలు అందాం. నమూనాకు ఒక ఉపకరణం కావలసి వచ్చినప్పుడు దాని పేరునూ, దానికి అందించవలసిన వివరాలనూ ఒక నిర్ణీత రూపంలో వ్రాసి ఇస్తుంది. నమూనాను చుట్టుకొని ఉండే సాధారణ ప్రోగ్రాము ఆ వ్రాతను చదివి, ఉపకరణాన్ని నడిపి, వచ్చిన ఫలితాన్ని మళ్ళీ నమూనాకు అందిస్తుంది. నమూనా దానిని చదివి తరువాతి అడుగు నిర్ణయించుకొంటుంది. ఈ విధంగా ఉపకరణాన్ని కోరడాన్ని టూల్ కాల్ అంటున్నారు. ఉపకరణాహ్వానం అని సమాసం చేయవచ్చు గాని, పిలుపు అనే తేట తెలుగు మాట ఉండగా అంత బరువు అక్కరలేదు.

ఆలోచననూ చర్యనూ ఒకదాని వెంట ఒకటిగా పేర్చే ఈ పద్ధతిని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం, గూగుల్ సంస్థల పరిశోధకులు 2022లో ‘రియాక్ట్’ అనే పేరుతో ప్రకటించారు. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ తన నమూనాలు పిలుపులను నిర్ణీత రూపంలో వ్రాసి ఇచ్చే సౌకర్యాన్ని కల్పించింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ, వేర్వేరు ఏజెంట్లు వేర్వేరు ఉపకరణాలతో ఒకే మర్యాదలో మాట్లాడుకొనేందుకు ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ అనే ఉమ్మడి ఒడంబడికను వెలువరించింది. చరిత్ర ఇంతవరకు చాలు.

సాధారణ ప్రోగ్రాములో దోషం కనిపెట్టేవారు మొట్టమొదట చేసే పని, దానిని మళ్ళీ నడిపి చూడడం. అదే ప్రశ్న, అవే వివరాలు ఇస్తే సాధారణంగా అదే తప్పు మళ్ళీ ఎదుట నిలుస్తుంది. ఏజెంటు విషయంలో ఈ ఉపాయం చాలావరకు పారదు. భాషా నమూనా ఒకే ప్రశ్నకు ఒకసారి ఒక దారిని, మరొకసారి వేరొక దారిని ఎన్నుకోవచ్చు. అంతకుమించి, ఏజెంటు తాకివచ్చిన లోకమే ఈలోగా మారిపోయి ఉంటుంది. నిన్న ఖాళీగా ఉన్న బెర్తు నేడు నిండిపోతుంది. నిన్న అలమరలో ఉన్న పుస్తకం నేడు ఎవరి చేతిలోనో ఉంటుంది.

అయితే ఏజెంటునే అడగకూడదా? ‘ఈ పని ఎందుకు చేశావు?’ అంటే అది తడుముకోకుండా చక్కని సంజాయిషీ వ్రాసి ఇస్తుంది. కాని ఆ సంజాయిషీ కూడా, ఏ మాట తరువాత ఏ మాట సమంజసమో లెక్కకట్టి కూర్చిన వాక్యసముదాయమే. అందులో నిజం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అసలు పంపని సందేశాన్ని పంపినట్లు నమూనాలు చెప్పడం కద్దు. కనుక ఏజెంటు చెప్పుకొనేది కథనం. పిలుపు ఏమని వెళ్ళింది, బదులు ఏమని వచ్చింది అన్న నమోదు మాత్రమే సాక్ష్యం. ఈ భేదాన్ని మరిచి, ఏజెంటు వ్రాసిన నివేదికలనే దాచుకొని అదే నమోదు అనుకొనే సంస్థలు తప్పు బయటపడిన నాడు చేతిలో ఆధారం లేక మిగిలిపోతాయి.

‘కల్’ అనే మాట

ఒక ఉదాహరణను ఊహించుకొందాం. తెలుగు ప్రాంతంలోని ఒక విద్యాలయంలో గ్రంథాలయాధికారి ఉత్తరభారతం నుంచి బదిలీపై వచ్చినవారు. గ్రంథాలయానికి ఒక ఏజెంటు ఉంది. దాని చేతిలో రెండు ఉపకరణాలున్నాయి. తేదీ చెబితే ఆ రోజుకు గడువు తీరే పుస్తకాల జాబితా ఇచ్చేది ఒకటి, విద్యార్థుల ఇళ్ళకు సందేశాలు పంపేది మరొకటి. 2025 ఆగస్టు 12న అధికారి హిందీలో, ‘కల్ కీ సూచీ దేఖ్‌కర్ సబ్‌కో సూచనా భేజ్ దో’ అని ఆదేశించారు. రేపు తిరిగి ఇవ్వవలసిన పుస్తకాల జాబితా చూసి అందరికీ తెలియజేయమని వారి ఉద్దేశం.

హిందీలో ‘కల్’ అనే మాట నిన్నకూ రేపుకూ సమానంగా చెల్లుతుంది. ‘పర్సోం’ అనేది మొన్నకూ ఎల్లుండికీ చెల్లుతుంది. మన నాలుగు మాటల పనిని హిందీ రెండు మాటలతో నెగ్గుకొని వస్తుంది. వాక్యంలోని క్రియ భూతకాలంలో ఉన్నదా, భవిష్యత్కాలంలో ఉన్నదా అన్నదానినిబట్టి శ్రోత అర్థం గ్రహిస్తాడు. పై వాక్యంలో క్రియ ఆజ్ఞార్థకం కనుక అది ఏ పక్షానా సాక్ష్యం పలకదు. హిందీ నుంచి తెలుగులోకి అనువదించేవారు ఇటువంటి చోట కలం ఆపి, ముందు వాక్యాలనూ వెనుక వాక్యాలనూ చూసి గాని ముందుకు కదలరు. మన ఏజెంటు ఆగలేదు. నిన్నటి తేదీకి జాబితా తెచ్చి, అందులోని వారందరికీ గడువు దాటినదనీ, రుసుము చెల్లించవలసి ఉంటుందనీ సందేశాలు పంపింది. ఆ జాబితాలో, పుస్తకాన్ని గడువులోగానే తిరిగి ఇచ్చిన పిల్లలు కూడా ఉన్నారు. రేపటిలోగా ఇవ్వవలసినవారికి మాత్రం ఏ కబురూ అందలేదు.

సాయంత్రం ఏజెంటు తన నివేదికలో, ‘కల్ కీ సూచీ’లోని విద్యార్థులందరికీ సూచనలు పంపబడినవని హిందీలోనే వ్రాసింది. అధికారి దానిని తన మనస్సులో ఉన్న అర్థంలోనే చదువుకొన్నారు. తప్పును పుట్టించిన మాటే తప్పును కప్పివేసింది. మరునాడు తల్లిదండ్రులు వచ్చి నిలదీసే వరకు విషయం బయటపడదు; బయటపడిన తరువాత కూడా, జరిగినదేమిటో నివేదికనుబట్టి తేలదు.

ఇక్కడ తప్పుకు కనీసం మూడు కారణాలు ఉండడానికి అవకాశం ఉంది. నమూనా మాటను తప్పుగా అర్థం చేసుకొని ఉండవచ్చు. లేదా నమూనా సరియైన తేదీనే ఇచ్చినా ఉపకరణం తప్పు జాబితా ఇచ్చి ఉండవచ్చు. మూడవది గడియారానికి సంబంధించినది. నమూనా తేదీని అంకెలలో గాక ‘రేపు’ అనే మాటగానే పంపి, ఉపకరణం దానిని ప్రపంచ ప్రామాణిక కాలం ప్రకారం లెక్కించి ఉండవచ్చు. భారత కాలమానం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు నడుస్తుంది. ఆగస్టు 12 తెల్లవారుజామున నాలుగున్నరకు ఆదేశం అందితే, ఆ ఉపకరణం లెక్కలో అది ఇంకా 11వ తేదీ రాత్రి 11 గంటలు. దాని రేపు మన నేడు అవుతుంది. ఈ మూడు దోషాలకూ మూడు వేర్వేరు చికిత్సలు. మొదటిదానికి ఆదేశాలను సవరించాలి, రెండవదానికి ఉపకరణాన్ని మరమ్మతు చేయాలి, మూడవదానికి తేదీని ఏ రూపంలో పంపాలో కట్టడి చేయాలి. బయటనుంచి చూచేవారికి మూడూ ఒకే విధంగా కనిపిస్తాయి. పిలుపు నమోదై ఉంటే, అందులో ‘2025-08-11’ అని ఉన్నదా, ‘2025-08-13’ అని ఉన్నదా, ‘రేపు’ అని ఉన్నదా అన్నది ఒక్క చూపుతో తెలిసిపోతుంది.

ఏమి వ్రాయాలి, ఎప్పుడు వ్రాయాలి

నమోదు చేసే విద్య మన దేశానికి కొత్తది కాదు. చిట్టా, ఆవర్జా అనే మాటలు తెలియని పాతతరం తెలుగువారు అరుదు. ఏ రోజు జరిగిన వ్యవహారాన్ని ఆ రోజే, జరిగిన వరుసలో వ్రాసేది చిట్టా; దానినుంచి పద్దుల వారీగా విడదీసి ఎక్కించేది ఆవర్జా. ఏజెంటు పిలుపుల నమోదు చిట్టా వంటిది. ఏ ఉపకరణం ఎన్నిసార్లు విఫలమైంది, ఏది ఎంత ఆలస్యం చేసింది అనే విశ్లేషణలన్నీ ఆవర్జాలు. చిట్టా సరిగా ఉంటే ఆవర్జాను ఎప్పుడైనా తిరిగి కట్టుకోవచ్చు. ఆవర్జా మాత్రమే దాచుకొన్నవానికి చిట్టా తిరిగి రాదు.

భారతీయ రైల్వేలలో ఇంతకన్నా దగ్గరి పోలిక ఒకటి ఉంది. బండిని పంపేముందు ఒక స్టేషన్ మాస్టరు పక్క స్టేషన్ మాస్టరును లైన్ క్లియర్ అడుగుతాడు. నోటిమాటగా సాగే ఇటువంటి సంభాషణకు ప్రైవేటు నంబరు అనే పద్ధతి కావలి కాస్తుంది. ముందుగా ముద్రించి ఇచ్చిన పట్టికలోనుంచి ఒక అంకెను బదులు చెప్పేవాడు చెబుతాడు. వాడిన అంకెను పట్టికలో కొట్టివేస్తాడు. ఆ అంకెలు, వేళలు రిజిస్టరులోకి ఎక్కుతాయి. ఏ సమ్మతి ఏ బండికి ఇచ్చినదో తరువాత తగాదా రాకుండా ఇది కాపాడుతుంది. మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో కూడా ప్రతి పిలుపుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. బదులు అదే సంఖ్యను మోసుకొని రావాలి. ఏజెంటు ఒకేసారి పది పిలుపులు పంపి, బదుళ్ళు ముందు వెనుకలుగా వచ్చినప్పుడు, ఏ బదులు ఏ పిలుపుకు చెందినదో ఈ సంఖ్య ఒక్కటే చెప్పగలదు.

నమోదులో ఈ సంఖ్యతోపాటు పిలుపు బయలుదేరిన వేళ, బదులు వచ్చిన వేళ, ఉపకరణం పేరు, ఆనాటికి దాని ఏ ప్రతి వాడుకలో ఉన్నది, నమూనా పేరూ ప్రతీ, ఆ క్షణానికి నమూనా ముందున్న ఆదేశాలు, ఈ పిలుపుకు దారితీసిన వెనుకటి అడుగు, ఇవన్నీ ఉండాలి. అన్నిటికన్న ముఖ్యం, పంపిన వివరాలూ వచ్చిన ఫలితమూ యథాతథంగా ఉండడం. ‘జాబితా కోరడమైనది, వచ్చినది’ అని సారాంశం వ్రాస్తే మన గ్రంథాలయం ఉదాహరణలో ఏ ప్రయోజనమూ లేదు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలోని హార్వర్డ్ మార్క్ 2 అనే గణన యంత్రం రిలేలో ఒక చిమ్మట చిక్కుకొన్నప్పుడు, అక్కడి సిబ్బంది ఆ పురుగునే వేళతో సహా యంత్రపు దినచర్య పుస్తకంలో అంటించారు. యంత్రాల లోపాన్ని ‘బగ్’ అనడం అంతకు చాలాకాలం ముందునుంచే ఉంది గనుక, ఆ మాట అక్కడ పుట్టిందనే ప్రచారం సరికాదు. కాని వర్ణనకు బదులు వస్తువునే పుస్తకంలో ఉంచిన ఆ పద్ధతి మాత్రం అనుసరణీయం.

ఎప్పుడు వ్రాయాలన్నది మరింత సున్నితమైన ప్రశ్న. పని ముగిసిన తరువాత ఒకేసారి వ్రాద్దామనుకొంటే, మధ్యలో ప్రోగ్రాము కూలిపోయినప్పుడు ఆ కూలిన పిలుపే నమోదు కాకుండా పోతుంది; మనకు అన్నిటికంటె కావలసినది అదే. అందుచేత పిలుపు పంపేముందు ఒకసారి, బదులు అందిన తరువాత ఒకసారి వ్రాయాలి. మార్పును చేసేముందే చిట్టాలోకి ఎక్కించే ఈ నియమాన్ని సమాచార నిధుల నిర్మాతలు దశాబ్దాలుగా పాటిస్తున్నారు. మొదటి వ్రాత ఉండి రెండవది లేకపోతే, పని జరిగిందో లేదో తెలియని స్థితి ఉన్నదని కనీసం తెలుస్తుంది. సందేశం పంపే ఉపకరణం పని ముగించి, బదులు మాత్రం దారిలో తప్పిపోయిందనుకొందాం. ఏజెంటు విఫలమైనదనుకొని మళ్ళీ పంపుతుంది. ఒకే తల్లికి ఒకే సందేశం రెండుసార్లు చేరుతుంది. సందేశమైతే విసుగుతో పోతుంది. రుసుము వసూలు అయితే సొమ్ము రెండుసార్లు పోతుంది. రెండు పిలుపులకూ వేర్వేరు సంఖ్యలుండి, రెండవది మొదటిదానికి మరుప్రయత్నమని చిట్టాలో ఉంటేనే ఈ రకపు దోషం పట్టుబడుతుంది.

వ్రాసేది ఎవరన్నది కూడా తేల్చుకోవాలి. నమూనా చేత వ్రాయించకూడదు. నమూనాకూ ఉపకరణానికీ నడుమ నిలిచిన సాధారణ ప్రోగ్రాము వ్రాయాలి. ఉపకరణం తన వైపున తాను వేరుగా వ్రాసుకోవాలి. రెండు పుస్తకాలు ఎందుకంటే, ఏ నమోదైనా తనకు అందిన సమాచారాన్నే వ్రాస్తుంది, లోకంలో జరిగినదానిని కాదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ స్టేషను వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు ప్రధాన మార్గంలో పోవడానికి పచ్చ సిగ్నల్ ఇవ్వబడింది. పట్టాల పాయింటు మాత్రం లూపు లైనువైపు ఉండడంతో బండి అక్కడ నిలిచి ఉన్న గూడ్సును ఢీకొన్నది. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సిగ్నల్ వలయాలలో మార్పులు చేసినప్పుడు తీగలు తప్పుగా కలిపినందువల్ల, పాయింటు ఉన్న స్థితి ఒకటి కాగా వ్యవస్థకు తెలిసిన స్థితి మరొకటి అయినదని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. ‘విజయవంతం’ అని ఉపకరణం ఇచ్చిన బదులు కూడా అటువంటి సిగ్నలే. సందేశం నిజంగా చేరినదా అన్నది చేరినచోటనే చూడాలి.

పెద్ద సంస్థలలో ఒక కోరిక తీరడానికి పదుల కొద్దీ ప్రోగ్రాములు చేయి కలుపుతాయి. వాటన్నిటి నమోదులనూ ఒకే దారానికి గుచ్చే పద్ధతిని గూగుల్ ఇంజనీర్లు 2010లో ‘డాపర్’ అనే పత్రంలో వివరించారు. ఆ దారిలో పుట్టిన రెండు ఉద్యమాలు 2019లో కలిసి ‘ఓపెన్‌టెలిమెట్రీ’ అయ్యాయి. ఒక కోరిక మొత్తానికి ఒక సంఖ్య, అందులోని ప్రతి అడుగుకూ ఒక ఉపసంఖ్య అన్నది దాని మూలసూత్రం. ఇప్పుడు ఏజెంట్ల పిలుపులను కూడా ఇదే కొలతలో వ్రాయడానికి ప్రమాణాలు రూపొందుతున్నాయి. ఇది మేలైన దారి. ప్రతి సంస్థా తన సొంత లిపిలో చిట్టా వ్రాసుకొంటే, రెండు సంస్థల నడుమ జరిగిన తప్పును ఎవరూ చదవలేరు.

మళ్ళీ నడిపి చూడడం

చిట్టా పూర్తిగా ఉన్నప్పుడు, మొదట అసాధ్యమనుకొన్న పని కొంతవరకు సాధ్యమవుతుంది. ఏజెంటును మళ్ళీ నడుపుతూ, అది ఉపకరణాన్ని పిలిచినప్పుడల్లా అసలు ఉపకరణానికి బదులు చిట్టాలోని పాత ఫలితాన్నే అందించవచ్చు. ఏ తల్లికీ సందేశం పోదు, ఏ ఖాతానుంచీ సొమ్ము కదలదు. కాని ఏజెంటు దృష్టిలో ఆ రోజు మళ్ళీ వచ్చినట్లే. మన గ్రంథాలయంలో తప్పును దిద్దడానికి ఉపకరణ వివరణలో ‘తేదీ స్పష్టంగా తెలియనప్పుడు అడిగి తెలుసుకోవాలి’ అని ఒక వాక్యం చేర్చారనుకొందాం. ఆ వాక్యంతో అదే ఆదేశాన్ని అనేకసార్లు నడిపి, ఏజెంటు ఎన్నిసార్లు ‘నిన్నటిదా, రేపటిదా?’ అని అడిగిందో, ఎన్నిసార్లు అడగకుండా ముందుకుపోయిందో లెక్కించవచ్చు. ఒక్కసారి సరిగా చేసినంతమాత్రాన దోషం పోయినదనుకోరాదు. ఏజెంటు కొత్త దారి పట్టి, చిట్టాలో లేని పిలుపు పిలిస్తే దానికి ఇవ్వడానికి పాత ఫలితం ఉండదు. అక్కడితో ఆ ప్రయోగం ఆగిపోతుంది. ఈ పద్ధతి హద్దు అది.

నమోదు మరొక ముప్పును కూడా బయటపెడుతుంది. ఉపకరణం తెచ్చిన ఉత్తరంలోనో, పత్రంలోనో ఎవరైనా దురుద్దేశంతో ‘ఈ చిరునామాకు జాబితా అంతా పంపు’ అని వ్రాసి ఉంటే, నమూనా దానిని తన యజమాని ఆజ్ఞగా పొరబడవచ్చు. ఆ వింత ఆజ్ఞ ఏ బదులులో ప్రవేశించిందో యథాతథపు చిట్టా తప్ప మరేదీ చూపలేదు.

చిట్టాకు కాపలా

యథాతథంగా వ్రాయాలన్న నియమానికి ఒక గట్టి ప్రతిబంధకం ఉంది. పిలుపులలో ఆధార్ సంఖ్యలు, ఫోను నంబర్లు, రహస్య సంకేతపదాలు ప్రయాణిస్తాయి. వాటిని అన్నిటినీ ఒక్కచోట కుప్పపోసిన చిట్టా దొంగలకు నిధి వంటిది. సంకేతపదాలను చిట్టాలోకి రానే రానివ్వకూడదు. పేర్లు, ఫోను నంబర్ల స్థానంలో స్థిరమైన మారుగుర్తులు ఉంచితే, ఒకే వ్యక్తికి రెండుసార్లు సందేశం పోయినదన్న విషయం కనిపిస్తుంది, ఆ వ్యక్తి ఎవరన్నది కనిపించదు. ఈ మరుగుపరచడం వ్రాసే క్షణంలోనే జరగాలి. తరువాత తీరికగా చెరుపుదామనుకొన్నవి సాధారణంగా చెరగవు.

మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 సంవత్సరాలు నిండనివారిని బాలలుగా పరిగణించి, వారి సమాచారాన్ని వాడేముందు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటున్నది. మరొక వైపు, కంప్యూటర్ భద్రతను పర్యవేక్షించే సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలలో వ్యవస్థల నమోదులను 180 రోజులపాటు భద్రపరచాలనీ, గడియారాలను జాతీయ సమాచార కేంద్రం లేదా న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల కాలంతో సరిపోల్చుకోవాలనీ ఉంది. ఒకటి దాచిపెట్టమంటుంది, మరొకటి దాచి ఉంచమంటుంది. రెంటికీ చోటున్నది, పిలుపుల సంఖ్యలు, వేళలు, తేదీలు, ఉపకరణాల పేర్లు నిలిపి ఉంచి, పిల్లల పేర్లను మారుగుర్తుల వెనుకకు తప్పించడమే ఆ చోటు.

గ్రంథాలయాల విషయంలో ఇంకొక మెట్టు జాగ్రత్త అవసరం. ఏ విద్యార్థి ఏ పుస్తకం తీసుకొన్నాడన్నది పైకి చిన్న విషయమే. కాని వ్యాధులను గురించో, ఇంట్లో చెప్పుకోలేని కష్టాలను గురించో ఒక అమ్మాయి చదివిన పుస్తకం పేరు, జాబితా తెచ్చిన ప్రతి పిలుపు ఫలితంలోనూ ఆమె పేరు ప్రక్కన చిట్టాలోకి ఎక్కుతుంది. గడువు గుర్తుచేసే పనికి పుస్తకం పేరు అవసరం లేదు, దాని ప్రవేశ సంఖ్య చాలును. జాబితా ఇచ్చే ఉపకరణమే పేరు పంపకుండా సంఖ్య మాత్రం పంపేటట్లు మార్చితే, చిట్టాలో మరుగుపరచవలసిన దానిలో పెద్ద భాగం అసలు చిట్టా దాకా రాదు.